పాప ఫోన్‌కి రాత్రి ఒంటిగంటకి వచ్చిన మెసేజ్: ఇప్పుడే తెరిచి చూడనా, పొద్దున అడగనా?

మందారం | రాత్రి 1:20

అందరికీ నమస్కారం. ఈ టైములో ఎవరైనా మేలుకుని ఉంటే జవాబివ్వండి. చేతులు వణుకుతున్నాయి, అక్షరాలు తప్పుంటే సర్దుకుని చదవండి.

మా పాపకి 14 ఏళ్లు. పడుకునే ముందు ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టాలన్నది మా ఇద్దరి ఒప్పందం. ఏడాదిగా పేచీ లేకుండా పాటిస్తోంది. ఇందాక మంచినీళ్లకి లేచాను. అప్పుడే ఫోన్ వెలిగింది. కావాలని చూడలేదు, చూపు పడింది. ఒకదాని కింద ఒకటి మూడు మెసేజ్‌లు.

"నిద్రపోయావా?"
"ఇక్కడొద్దు. నేను చెప్పిన యాప్‌లోకి వచ్చెయ్."
"మీ అమ్మకి చెప్పకు. ఆవిడకి మన సంగతి అర్థం కాదు."

ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. డీపీలో మనిషి ఫొటో లేదు, ఏదో గేమ్‌లోని బొమ్మ.

ఫోన్ ప్యాటర్న్ నాకు తెలుసు. తనే చెప్పింది, "అవసరమైతే తెరువు, ఊరికే మాత్రం చూడకు" అని. ఇప్పటిదాకా ఆ మాట మీదే ఉన్నాను. ఇది అవసరమా, కాదా? మొత్తం చదివెయ్యాలనీ ఉంది, చదివితే పొద్దున దాని మొహం ఎలా చూడాలా అనీ ఉంది. ఏం చెయ్యను?

కాపలా | రాత్రి 1:31

తెరవండి. ఇందులో ఆలోచించడానికేముందండీ? పద్నాలుగేళ్ల పిల్లకి అర్ధరాత్రి ఎవడో "అమ్మకి చెప్పకు" అని రాస్తుంటే ఇంకా మాట నిలబెట్టుకోవడం గురించా? మావాడికి 15. వాడి ఫోన్‌లో నిఘా యాప్ పెట్టాను. ఎవరికి ఏం రాసినా నా ఫోన్‌కి వస్తుంది. వాడికి తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. ఫోన్ చేతికిచ్చింది నేను, బాధ్యతా నాదే.

తాళంచెవి | రాత్రి 1:38

మందారం గారూ, నేను కంప్యూటర్ భద్రతలో పని చేస్తాను. ముందు చెయ్యాల్సింది చెప్తాను, మిగతా మాటలు తర్వాత.

ఆ తెరని మీ ఫోన్‌తో ఫొటో తియ్యండి. పేరు, టైము, మూడు మెసేజ్‌లూ కనబడాలి. పంపినవాడు తన మెసేజ్‌ని ఇద్దరి ఫోన్లలోంచీ తీసెయ్యగలడు, పొద్దుటికి ఉంటాయన్న నమ్మకం లేదు. ఫొటో తీశాక ఫోన్ ఉన్నచోటే వదిలెయ్యండి. పాపే రాసినట్టు జవాబు మాత్రం రాయకండి. అనుమానం వస్తే ఖాతా మూసేసి ఇంకో పేరుతో వస్తాడు, మన చేతిలో ఏమీ మిగలదు.

మందారం | రాత్రి 1:44

తీశాను.

మందారం | రాత్రి 1:52

మీరన్నంతా అయింది. ఇప్పుడే మళ్లీ చూశాను, మూడోది లేదు. "ఈ మెసేజ్ తొలగించబడింది" అని ఉంది. ఫొటో తియ్యకపోతే నిద్రమత్తులో ఏదో చూశాననుకునేదాన్ని.

తాళంచెవి | రాత్రి 2:03

భయం పెంచాలని కాదు గానీ, ఆ మెసేజ్‌లలో నాకు తేడాగా కనబడ్డవి రెండు. చోటు మారమనడం ఒకటి, అమ్మకి చెప్పొద్దనడం రెండోది.

గేమ్ చాట్‌లలో చాలాచోట్ల కంపెనీవాళ్ల ఫిల్టర్లుంటాయి. చెడ్డ మాటల్ని, ఫోన్ నంబర్లని పట్టేస్తాయి, రిపోర్ట్ చేస్తే చూసే మనుషులుంటారు. అందుకని పరిచయం అక్కడ పెంచుకుని, తర్వాత ఇద్దరే ఉండే చోటికి, మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోయే చోటికి లాగుతారు. దీన్ని గ్రూమింగ్ అంటారు. అది ఒక్కరోజులో అయ్యేది కాదు. మొదట పొగడ్తలు. తర్వాత "నన్ను అర్థం చేసుకునేది నువ్వొక్కదానివే". ఆ తర్వాత ఒక చిన్న రహస్యం, దాని మీద ఇంకొకటి. "మీ అమ్మకి అర్థం కాదు" అన్నది పాపని మీ నుంచి విడదీసే మాట.

అలాగని వాడు నేరగాడేనని ఇప్పుడే తేల్చలేం, తోటి వయసు పిల్లాడే అయ్యుండొచ్చు. అది పాప చెప్తేనే తెలుస్తుంది. ఇవాళ్టికి పడుకోండి.

లెక్కలమాస్టారు | ఉదయం 5:10

అమ్మా, ఇప్పుడే లేచి చదివాను. ముప్ఫై ఏళ్లుగా పిల్లల మధ్యే ఉన్నాను, కనుక ఒక సంగతి చెప్తాను.

ఒకసారి క్లాసులో అందరికీ చిన్న చీటీలిచ్చి, పేరు రాయకుండా ఒక ప్రశ్నకి జవాబు రాయమన్నాను. "ఫోన్‌లో మీకు ఎవరివల్లయినా ఇబ్బంది వస్తే ఇంట్లో ఎందుకు చెప్పరు?" అని. అవతలివాడంటే భయమని రాస్తారనుకున్నాను. చీటీ తర్వాత చీటీ విప్పుతుంటే ఒకటే మాట: "ఫోన్ లాక్కుంటారు." ఒక చీటీలో మాత్రం "మా అమ్మ ఏడుస్తుంది" అని ఉంది. అది చాలా రోజులు నా జేబులోనే ఉండిపోయింది.

పిల్లలకి ఫోన్ పోవడమంటే ఆటబొమ్మ పోవడం కాదు, స్నేహితులందరూ ఒక్కసారిగా దూరమైపోవడం. ఆ శిక్ష మనం వేస్తామని తెలిసినప్పుడు ఎంత కష్టమొచ్చినా లోపలే దాచుకుంటారు. బెదిరించేవాడికి కావలసింది కూడా అదే.

కాబట్టి "ఎవడు వాడు?" అని మొదలుపెట్టకండి. "రాత్రి నీ ఫోన్ మీద మెసేజ్ కనబడింది, ఫోన్ తెరవలేదు, నీ మీద కోపం లేదు, ఫోన్ తీసుకోను" అని ఈ నాలుగు ముక్కలూ ముందే చెప్పెయ్యండి. చెప్పాక ఆగండి. పిల్ల నోరు విప్పడానికి పది నిమిషాలు పట్టినా మధ్యలో మీరు మాట్లాడొద్దు.

పదిహేడు | ఉదయం 6:45

నాకు 17 ఏళ్లు. పెద్దవాళ్ల మధ్య మాట్లాడొచ్చో లేదో తెలీదు గానీ కాపలా అంకుల్ రాసింది చదివాక ఊరుకోలేకపోయాను.

మా నాన్న నా మెసేజ్‌లన్నీ చదివేవారు. నాకు పదమూడేళ్లప్పుడు నా ఫ్రెండ్ వాళ్లింట్లో గొడవల గురించి నాకు రాసుకున్నాడు. మా నాన్న అది చదివి వాళ్ల నాన్నకే ఫోన్ చేసి చెప్పారు, మంచికే అనుకుని. వాడు ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. అంకుల్, మీరు చదువుతున్నది మీవాడి మాటలు మాత్రమే కాదు, వాణ్ణి నమ్మి రాసినవాళ్ల మాటలు కూడా.

నేను అప్పట్నించీ జాగ్రత్త నేర్చుకోలేదు, దాచడం నేర్చుకున్నాను. రెండో ఖాతా తెరిచాను. పైకి కాలిక్యులేటర్‌లా కనబడి లోపల ఫొటోలు, చాట్లు దాచే యాప్‌లుంటాయి, అదొకటి పెట్టాను. ఒకరోజు ఫ్రెండ్ ఖాతా నుంచి మెసేజ్ వచ్చింది, "నీ ఫోన్‌కి పొరపాటున ఆరంకెల కోడ్ వచ్చింది, పంపవా" అని. పంపాను. అప్పటికే వాడి ఖాతా ఎవడి చేతిలోనో ఉంది, ఆ కోడ్‌తో నాదీ పోయింది. ఇద్దరి మధ్యా ఉన్న స్క్రీన్‌షాట్లు చూపించి డబ్బడిగాడు. నాన్నకి చెప్పాలంటే అసలు ఆ ఖాతా ఉందని చెప్పాలి. నాలుగు రోజులు నిద్రపోలేదు.

ఆంటీ, మీరు తెరవలేదు చూడండి, ఆ మాట పాపకి తప్పకుండా చెప్పండి.

గోరింట | ఉదయం 7:30

నాది కౌన్సెలింగ్ వృత్తి. మాస్టారు చెప్పిన నాలుగు ముక్కలకీ నా ఓటు.

ఒక తేడా చెప్పుకుందాం. గోప్యత వేరు, రహస్యం వేరు. అమ్మాయి తన స్నేహితురాలితో నవ్వుకున్న మాటలు నాకు చూపించకపోతే అది గోప్యత. చూపిస్తే ఏదో అయిపోతుందన్న భయంతో దాచుకుంటే, దాచమని ఇంకొకరు చెప్తే, అది రహస్యం. మొదటిదానికి పిల్లలకి హక్కుంది. ఇది నా మాట కాదు, ఐక్యరాజ్యసమితి 1989 బాలల హక్కుల ఒడంబడికలో 16వ అధికరణం అదే చెప్తుంది: పిల్లల ఏకాంతంలో, ఉత్తరప్రత్యుత్తరాల్లో అన్యాయంగా జోక్యం కూడదు. 2021లో ఇదే ఒడంబడిక కమిటీ ఆన్‌లైన్ లోకానికి ఈ హక్కులెలా వర్తిస్తాయో 25వ సాధారణ వ్యాఖ్యగా విడిగా రాసింది. పిల్లల మీద పెట్టే ఏ నిఘా అయినా అవసరానికి తగ్గంతే ఉండాలని అందులో ఉంది.

తొమ్మిదేళ్ల పిల్లవాడి ఫోన్ పక్కన కూర్చుని చూడటం వేరు, పదహారేళ్లవాడి ఫోన్‌లో వాడికి తెలీకుండా దూరడం వేరు. ప్రాణాపాయం కనబడితే తెరవాల్సిందే, అందులో నాకూ రెండో మాట లేదు. తెరిచాక "తెరిచాను, ఇందుకు తెరిచాను" అని చెప్పడం కూడా అందులో భాగమే.

కాపలా | ఉదయం 7:52

హక్కుల గురించి పుస్తకాల్లో ఎన్నయినా రాసుకోవచ్చు. మా బంధువుల పిల్లాడొకడు ఎవరికీ చెప్పకుండా చాలా దూరం వెళ్లిపోయాడు, ఆన్‌లైన్‌లో పరిచయమైన మనిషి కోసం. మూడు రోజులు వెతికాం. ఆ మూడు రోజులు మీరెవరూ చూళ్లేదు. అందుకే ఆ యాప్. నేనేం సరదాకి పెట్టలేదు.

తాళంచెవి | ఉదయం 8:15

కాపలా గారూ, ఆ భయం అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. మీ ప్రేమ మీద నాకే అనుమానమూ లేదు. నా అనుమానమంతా ఆ యాప్ మీద.

మీవాడి మెసేజ్‌లు, ఫొటోలు, ఎక్కడున్నాడో అన్నీ మీ ఫోన్‌కి వచ్చే ముందు ఆ కంపెనీ సర్వర్లకి చేరతాయి. అలాంటి కంపెనీల డేటా ఒక్కసారి కాదు, పలుమార్లు బయటపడింది. పిల్లల్ని గమనించుకోవడానికంటూ అమ్ముడుపోయిన స్పైఫోన్ అనే యాప్ సంస్థని అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2021లో అసలు నిఘా వ్యాపారమే చెయ్యకూడదని నిషేధించింది. పోగేసిన సమాచారానికి సరైన రక్షణ కూడా లేదని తేలింది. పైగా ఇలాంటి యాప్‌ల కోసం ఫోన్‌లో ఉన్న కొన్ని రక్షణల్ని మనమే ఆపెయ్యాల్సి వస్తుంది. ఇంటికి కాపలా పెట్టుకోవడం కోసం తలుపు గడియ ఊడదీసినట్టు.

ఫోన్‌లోనే పిల్లల ఖాతాకి సంబంధించిన ఏర్పాట్లుంటాయి. ఏ యాప్ ఎక్కించాలన్నా మీ అనుమతి అడుగుతాయి, టైము పరిమితి పెట్టొచ్చు. అవి పిల్లవాడికి తెలిసే ఉంటాయి, వాడి మెసేజ్‌లు చదవవు. ఐఫోన్‌లలో 2021 చివర్లో వచ్చిన ఒక సదుపాయం మెసేజ్‌లో నగ్నచిత్రం వస్తే మసక చేసి, చూసే ముందు హెచ్చరిస్తుంది. ఆ పరీక్ష ఫోన్‌లోపలే జరుగుతుంది, బొమ్మ బయటికి పోదు.

కాపలా | ఉదయం 8:20

చూస్తాను.

మందారం | ఉదయం 11:05

మాట్లాడాను. ఇవాళ బడికి పంపలేదు.

మాస్టారు చెప్పినట్టే నాలుగు ముక్కలూ చెప్పి ఊరుకున్నాను. మంచం అంచున కూర్చున్నాం ఇద్దరం. అది దుప్పటి కొస పట్టుకుని దారం పీకుతూ కూర్చుంది. గడియారం చూడకూడదనుకుని కూడా చూశాను, ఏడు నిమిషాలు. అప్పుడు "నువ్వు నిజంగా తెరవలేదా?" అనడిగింది. లేదన్నాను. ఇంక ఏడుపు మొదలైంది, చెప్పడమూ మొదలైంది.

మూడు నెలల కిందట గేమ్‌లో పరిచయమట. పదిహేనేళ్లని చెప్పాడు. పాఠాల గురించి, ఆటల గురించి మాట్లాడుకునేవారు. తర్వాత నంబర్లు ఇచ్చుకున్నారు. ఇది తన ముఖం ఫొటోలు మామూలువే రెండు పంపింది. పోయిన వారం నుంచి వేరే రకం ఫొటోలు అడుగుతున్నాడు. ఇది పంపలేదు. "నువ్వు పంపకపోతే నీ ముఖంతో నేనే తయారు చేస్తాను, మీ క్లాసంతా చూస్తుంది" అని మొన్న రాశాడు. క్లాసు గ్రూపులో ఉన్నవాళ్ల పేర్ల స్క్రీన్‌షాట్ కూడా పంపాడు. అందుకే రాత్రి ఆ కొత్త యాప్‌లోకి వెళ్దామా వద్దా అని మథనపడుతూ పడుకుందట.

మూడు నెలలు నా పక్కనే ఉండి ఇదంతా ఒక్కతే మోసింది. తన ముందే ఇది రాస్తున్నాను, తను చదువుతోంది.

నిర్వాహకులు | ఉదయం 11:12

మందారం గారూ, ధైర్యంగా ఉండండి. అందరికీ ఒక విన్నపం: ఆ ప్రొఫైల్ పేరు గానీ నంబరు గానీ ఇక్కడ రాయొద్దు, అడగొద్దు. పాపని గుర్తుపట్టే వివరాలేవీ వద్దు.

నిశ్శబ్దం | ఉదయం 11:30

ఎప్పుడూ చదివి వెళ్లిపోయేదాన్ని, మొదటిసారి రాస్తున్నాను. ఇది పాపకి.

అమ్మడూ, నాకు పదిహేనేళ్లప్పుడు ఇలాంటిదే జరిగింది. నేను పంపాను కూడా. భయంతో అన్నీ డిలీట్ చేశాను, ఖాతా తీసేశాను. వాడు ఇంకో దారిలో వచ్చాడు. అప్పుడు చూపించడానికి నా దగ్గర ఒక్క ముక్క లేదు. మూడేళ్లు ఎవరికీ చెప్పలేదు, తప్పు నాదే అనుకున్నాను. తప్పు నాది కాదు. నువ్వు పంపి ఉన్నా నీది కాదు. నువ్వు ఇవాళ చెప్పావు. నాకు ఆ పని చెయ్యడానికి మూడేళ్లు పట్టింది.

మందారం | ఉదయం 11:41

చదివింది. మీకు థాంక్స్ చెప్పమంది. ఇంకా ఏదో రాయాలనుకుంది, మళ్లీ వద్దంది.

తాళంచెవి | మధ్యాహ్నం 12:10

ఇప్పుడు పని. పాపా నువ్వూ విను, ఇది నీ చేత్తో నువ్వు చేస్తేనే బాగుంటుంది, అమ్మ పక్కన ఉంటుంది.

ముందు ఏదీ చెరపొద్దు. చాట్ పై నుంచి కింది దాకా స్క్రీన్‌షాట్లు తియ్యి. వాడి ప్రొఫైల్ పేజీ, నంబరు, ఖాతా పేరు, గేమ్‌లో వాడి పేరు, అన్నీ. పేర్లు మార్చుకుంటారు, అందుకని తేదీ కూడా కనబడాలి. అవి అమ్మ ఫోన్‌లో కూడా ఉండాలి. ఒకవేళ ఎవరిదైనా నగ్నచిత్రం వాడు పంపి ఉంటే దాన్ని మాత్రం ఆధారమని ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యకు, మాకు గానీ టీచర్లకు గానీ. పిల్లల అలాంటి చిత్రాలు ఉంచుకోవడం, పంపడం చాలా దేశాల్లో నేరం. ఆ ఫోన్ నేరుగా పోలీసులకే చూపించాలి.

ఆధారాలు భద్రం చేశాక రిపోర్ట్, ఆ తర్వాతే బ్లాక్. ఈ వరుస ముఖ్యం. వాట్సాప్‌లో ఒకర్ని రిపోర్ట్ చేస్తే వాళ్లు నీకు పంపిన చివరి ఐదు మెసేజ్‌లు కంపెనీకి వెళ్తాయి, అవతలివాడికి కబురు వెళ్లదు. గేమ్‌లో కూడా విడిగా రిపోర్ట్ చెయ్యాలి, ఎందుకంటే వాడు వేరే పిల్లల కోసం ఇంకా అక్కడే ఉంటాడు. వాడడిగింది ఏదీ ఇవ్వొద్దు, "ఒక్కటి పంపితే వదిలేస్తా" అన్నా సరే. ఒకసారి ఇస్తే ఆ అడగడానికి అంతుండదు. బెదిరింపు ఉంది కాబట్టి పోలీసుల సైబర్ విభాగానికి ఇవాళే చెప్పాలి. ముఖం మీద ముఖం అతికించి చిత్రం తయారు చేస్తాననడం ఇప్పుడు కొత్త బెదిరింపేమీ కాదు, వాళ్లకి అర్థమవుతుంది.

చిత్రం నిజంగా బయటికొస్తుందేమోనన్న భయానికి కూడా మందుంది. అమెరికాలోని నేషనల్ సెంటర్ ఫర్ మిస్సింగ్ అండ్ ఎక్స్‌ప్లాయిటెడ్ చిల్డ్రన్ అనే సంస్థ 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవని 2023 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఏ దేశం పిల్లలైనా వాడుకోవచ్చు. 18 ఏళ్లలోపు తీసిన అలాంటి చిత్రం ఫోన్‌లో ఉంటే, దాన్నుంచి ఒక అంకెల గుర్తు తయారవుతుంది, వేలిముద్రలాంటిది. చిత్రం ఫోన్ దాటదు, ఆ గుర్తు ఒక్కటే వెళ్తుంది. ఇందులో చేరిన సైట్లు ఆ గుర్తున్న చిత్రం కనబడితే తీసేస్తాయి. పేరు కూడా చెప్పక్కర్లేదు. పెద్దవాళ్లకి ఇలాంటిదే 'స్టాప్ ఎన్‌సీఐఐ' 2021 నుంచి ఉంది. ఒకరి నుంచి ఒకరికి ఎన్‌క్రిప్షన్‌లో, అంటే దారిలో ఎవరూ చదవలేనట్టు తాళం పడి వెళ్లే మెసేజ్‌లలోకి మాత్రం ఈ సేవలు చూడలేవు. 2025 మేలో అమెరికాలో 'టేక్ ఇట్ డౌన్' పేరుతోనే ఒక చట్టమూ వచ్చింది, ఆ సేవా ఈ చట్టమూ వేరు. కంప్యూటర్ తయారు చేసిన నకిలీ చిత్రాలైనా ఫిర్యాదు అందిన 48 గంటల్లో తీసెయ్యాలని ఆ చట్టం సైట్లకి చెప్తుంది.

వానచినుకు | మధ్యాహ్నం 12:40

ఒక సందేహం. వాట్సాప్‌లో ఎన్‌క్రిప్షన్ ఉందిగా, మన మెసేజ్ ఇంకెవరూ చూడలేరనే రాసి ఉంటుంది. మరి ఆ స్క్రీన్‌షాట్లు, బెదిరింపులు ఎలా కుదురుతాయి?

తాళంచెవి | మధ్యాహ్నం 12:58

మంచి ప్రశ్న, చాలామంది పెద్దవాళ్లకీ ఉన్న సందేహమే. 2016లో వాట్సాప్ అన్ని మెసేజ్‌లకీ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ పెట్టింది. అంటే మీ ఫోన్‌లో తాళం పడుతుంది, అవతలి ఫోన్‌లో తెరుచుకుంటుంది. దారిలో కంపెనీతో సహా ఎవరూ చదవలేరు. తాళం దారికే. చేరాక అవతలివాడు చదువుతాడు, దాచుకుంటాడు, ఇంకొకరికి చూపిస్తాడు. అవతలున్నది మంచివాడా కాదా అన్నది ఎన్‌క్రిప్షన్ చూసిపెట్టదు.

అన్ని యాప్‌లూ ఒకటి కాదు. సిగ్నల్‌లో అన్నిటికీ ఈ తాళం ఉంటుంది. టెలిగ్రామ్‌లో మామూలు చాట్లకి ఉండదు, 'సీక్రెట్ చాట్' అని విడిగా తెరిస్తేనే ఉంటుంది. పిల్లలు చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు.

ఇంకో మాట. ఈ గొడవల్లో ఎన్‌క్రిప్షనే దొంగ అని కొందరంటారు. మన పిల్లల ఫొటోలు, ఆరోగ్యం సంగతులు, ఎక్కడున్నారో చెప్పే లొకేషన్ దారిలో ఎవరి చేతా పడకుండా కాపాడేదీ అదే. నేనైతే దాన్ని వదులుకోమని చెప్పను.

పదిహేడు | మధ్యాహ్నం 1:15

మాయమయ్యే మెసేజ్‌ల గురించి కూడా చెప్పండి. మా క్లాసులో "ఒక్కసారే కనబడుతుంది, ఏం కాదు" అని పంపేవాళ్లున్నారు.

తాళంచెవి | మధ్యాహ్నం 1:30

వాట్సాప్‌లో 'వ్యూ వన్స్' 2021లో వచ్చింది. స్క్రీన్‌షాట్ తియ్యనివ్వదు, నిజమే. పక్కన ఇంకో ఫోన్ పెట్టి ఫొటో తీస్తే ఎవరు ఆపుతారు? రాత్రి మందారం గారు చేసింది అదే పని కదా. స్నాప్‌చాట్ మీద "మెసేజ్‌లు శాశ్వతంగా మాయమవుతాయని చెప్పింది నిజం కాదు" అన్న ఆరోపణతో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లోనే చర్య తీసుకుంది. మాయమవడం వల్ల మన ఫోన్‌లో చోటు మిగులుతుంది, చెత్త పేరుకోదు. అంతకంటే ఎక్కువ నమ్మొద్దు.

లెక్కలమాస్టారు | మధ్యాహ్నం 2:05

అమ్మా, వాడికి క్లాసు పిల్లల పేర్లెలా దొరికాయి? అది చూడండి. ఒక్క పాప సంగతి కాకపోవచ్చు.

మందారం | సాయంత్రం 6:20

పోలీసులకి చెప్పి వచ్చాం. వాళ్లు పాపని విడిగా, ఓపిగ్గా అడిగారు. "ఎందుకు మాట్లాడావు" అనే ప్రశ్న ఒక్కటీ రాలేదు, దానికే నాకు కళ్లనీళ్లొచ్చాయి.

మాస్టారూ, మీరడిగింది దొరికింది. క్లాసు గ్రూపులో చేరే లింక్‌ని ఎవరో పిల్లాడు తన ప్రొఫైల్‌లో అందరికీ కనబడేలా పెట్టాడు. ఆ లింక్‌తో వీడు పిల్లవాడి పేరొకటి పెట్టుకుని గ్రూపులోకి దూరాడు. పెద్ద గ్రూపు కావడంతో ఎవరూ పట్టించుకోలేదు. అడ్మిన్ అయిన టీచరుతో మాట్లాడి లింక్ రీసెట్ చేయించాం, పాతది ఇక పని చెయ్యదు. ఆ సభ్యుణ్ణి తీసేసే ముందు అక్కడా స్క్రీన్‌షాట్ తీసింది పాప. నాకు గుర్తులేదు, దానికే గుర్తొచ్చింది.

తర్వాత ఇద్దరం కూర్చుని ఫోన్లు రెండూ ముందేసుకున్నాం. ముందు నా ఫోన్. నన్నెవరైనా ఏ గ్రూపులోనైనా చేర్చెయ్యొచ్చన్నట్టు ఉంది సెట్టింగ్, కాంటాక్ట్‌లు మాత్రమే అని మార్చింది. ఆరంకెల పిన్ పెట్టింది, అది ఓటీపీకి అదనంగా ఉంటుందట. పదిహేడు బాబూ, ఇది నీ సంగతి విన్నాకే. లింక్ అయిన పరికరాల జాబితా తెరిస్తే నేను ఉద్యోగం మానేసిన చోటి కంప్యూటర్ ఒకటి ఇంకా అందులోనే ఉంది. ఆరు నెలలైంది నేనక్కడ మానేసి. ఎవరో అడపాదడపా తెరిచినట్టు చూపిస్తోంది. నా మెసేజ్‌లు ఎవరు చదివారో ఏమో. పాప నా మొహం చూసి "అమ్మా, ఇలాగే ఉంటుంది" అంది, చెయ్యి పట్టుకుని.

గోరింట | సాయంత్రం 6:48

మందారం గారూ, రాబోయే రోజుల్లో పాపకి ఒక్కోసారి వాడి మీద బెంగ కూడా కలగొచ్చు. మూడు నెలలు రోజూ మాట్లాడిన మనిషి. అది కనబడితే కోప్పడకండి. నిద్ర, చదువు, ఆకలి తేడాగా అనిపిస్తే దగ్గర్లోని పిల్లల కౌన్సెలర్‌ని కలవండి.

కాపలా | రాత్రి 9:35

మావాడికి చెప్పాను, యాప్ సంగతి. రోజంతా ఎలా చెప్పాలా అని తిరిగాను. చెప్పేసరికి వాడు తల కూడా ఎత్తలేదు. "నాకు తెలుసు నాన్నా, పెట్టిన వారానికే తెలిసింది" అన్నాడు. బ్యాటరీ తొందరగా అయిపోతుంటే చూసుకున్నాడట. అప్పట్నించి చెప్పాలనుకున్నవన్నీ ఫ్రెండ్ ఫోన్ నుంచి రాస్తున్నాడు. ఏడాదిగా నేను చదివినవన్నీ నేను చదువుతానని తెలిసి రాసినవి.

వాడి ముందే తీసేశాను. వాడేం మాట్లాడలేదు. నాకింకా భయంగానే ఉంది. దూరం వెళ్లిపోయిన పిల్లాడి సంగతి వాడికి ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు, ఇవాళ చెప్పాను.

పదిహేడు | రాత్రి 9:50

అంకుల్, వాడికి కొంచెం టైమివ్వండి. మీరు చెప్పారన్నది వాడు మర్చిపోడు.

లెక్కలమాస్టారు | రాత్రి 10:02

మీ మాట చదివి మనసు నిండింది నాయనా.

మందారం | మర్నాడు సాయంత్రం 4:30

ఇంకో సంగతి వచ్చి పడింది. పాప ఇవాళ బడికి వెళ్లింది. మధ్యాహ్నం విరామంలో స్నేహితురాలొకతి దాన్ని పక్కకి పిలిచి ఫోన్ చూపించిందట. వేరే పేరు, అదే గేమ్ బొమ్మ, అవే మాటలు: "మీ అమ్మకి అర్థం కాదు." ఆ అమ్మాయి ఇంట్లో ఎవరికీ తెలీదు. వాళ్లమ్మ నాకు బాగా తెలుసు. కోపిష్టి మనిషి, పిల్లంటే ప్రాణం. నేనే ఫోన్ చేసి చెప్పెయ్యనా?

పదిహేడు | సాయంత్రం 4:41

వద్దు ఆంటీ, ముందు ఆ అమ్మాయిని అడగండి. తనకి తెలీకుండా చెప్తే నా ఫ్రెండ్‌కి అయినట్టే అవుతుంది.

గోరింట | సాయంత్రం 4:55

అడగండి, కానీ ఇవాళే అడగండి. బెదిరింపు ఉంటే ఎక్కువ రోజులు ఆగే విషయం కాదని ఆ అమ్మాయికీ చెప్పండి. ఎలా చెప్పాలో, ఎవరు చెప్పాలో అది తనని ఎంచుకోనివ్వండి.

మందారం | సాయంత్రం 6:10

అడిగాను. తనే చెప్తానంది. నేనూ పాపా పక్కన ఉండాలంది. ఏదీ డిలీట్ చెయ్యొద్దని మా పాప దానికి ముందే చెప్పి పెట్టింది, స్క్రీన్‌షాట్లు ఇద్దరూ కలిసి తీశారు. వాళ్లమ్మకి నేను ఫోన్ చేసి "మేం వస్తున్నాం, అమ్మాయి ఒక మాట చెప్తుంది, అది పూర్తయ్యేదాకా మీరేం అనకుండా వినాలి" అని మాట తీసుకున్నాను. కాసేపు ఏమీ పలకలేదు. తర్వాత "రండి" అంది.

చెప్పులేసుకుంటున్నాం.